ముఖాలు తిరిగి ఇచ్చిన వైద్యుడు - సర్ హెరాల్డ్ గిల్లీస్ జీవితం

మన తెలుగులో ముఖాన్ని పట్టుకుని ఎన్ని మాటలున్నాయో చూడండి. తప్పు చేసినవాడికి నలుగురిలో ముఖం చెల్లదు. అప్పు తీసుకున్నవాడు ముఖం చాటేస్తాడు. దూరదేశాన వున్న బిడ్డ కోసం తల్లి ముఖం వాచిపోతుంది. పరిచయం లేనివాణ్ణి ముక్కూ ముఖం తెలియనివాడంటాం. అంటే మనిషికీ, మనుషుల మధ్య అతనికి వుండే స్థానానికీ ముఖమే గుర్తన్నమాట. మరి ఏ పాపమూ ఎరుగని మనిషికి నిజంగానే ముఖం పోతే ఏమిటి గతి? ముక్కు వుండవలసిన చోట గుంట, దవడ వుండవలసిన చోట ఖాళీ, కనురెప్పలు లేక రాత్రింబగళ్ళు మూతపడని కళ్ళు. అటువంటివాడు ప్రాణంతో బయటపడ్డా ఇంటికి ఎలా వెళ్తాడు? భార్యాబిడ్డల ముందు ఎలా నిలబడతాడు?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే జీవితమంతా గడిపిన ఒక వైద్యుని కథను ఈ సంచికలో మన సభ్యులకూ, వారి కుటుంబాలకూ చెప్పదలిచాము. ఆయన పేరు సర్ హెరాల్డ్ గిల్లీస్. నేటి ప్లాస్టిక్ సర్జరీకి ఆయనను పితామహుడని అంటారు. ముందుగా ఒక చిన్న సందేహం తీర్చుకుందాం. ప్లాస్టిక్ సర్జరీ అంటే మనం బజారులో కొనే ప్లాస్టిక్ సామానుతో చేసేది కాదు. గ్రీకు భాషలో ఆ మాటకు మూలార్థం, మట్టిని మలిచినట్టు ఒక రూపానికి మలచడం. రోగి ఒంట్లోని చర్మాన్నీ, కండనూ, ఎముకనూ తీసి, పోయిన అవయవాన్ని మలచడమే ఈ విద్య.

గిల్లీస్ 1882 జూన్ 17వ తేదీన న్యూజిలాండు దేశంలోని డనీడిన్ పట్టణంలో జన్మించారు. ఎనిమిదిమంది సంతానంలో ఆఖరివాడు. ఆయనకు నాలుగేళ్ళయినా నిండకముందే తండ్రి కన్నుమూశారు. చిన్నతనంలో మెట్ల పక్కనుండే కమ్మీ మీద జారుతూ పడి మోచేయి విరగ్గొట్టుకున్నారు. అది సరిగా అతుక్కోక ఆ కీలు జన్మాంతం బిగుసుకునే వుండిపోయింది. అంత చేటు జరిగినా కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం తరఫున 1904లో పడవ పందెంలో తెడ్డు వేశారు. గోల్ఫ్ ఆటలో ఇంగ్లండుకు ప్రాతినిధ్యం వహించారు. లండన్లో సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో వైద్యం చదివి, 1910లో శస్త్రవైద్యుల రాయల్ కాలేజీ ఫెలో అయ్యారు. చెవి, ముక్కు, గొంతు వైద్యంలో స్థిరపడ్డారు. 1911లో వివాహమైంది. అంతా సాఫీగా సాగిపోతే లండన్లో డబ్బున్న రోగులను చూసుకుంటూ, సాయంత్రాలు గోల్ఫ్ ఆడుకుంటూ కాలక్షేపం చేసేవారేమో.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పడింది. ఆ యుద్ధం కందకాల యుద్ధం. సైనికుని ఒళ్ళంతా మట్టిగోడ చాటున వుంటుంది. బయటికి చూసేది తల ఒక్కటే. ఫిరంగిగుండ్లు పేలి ఇనుప ముక్కలు చిమ్మితే ముందు దెబ్బతినేది ముఖమే. లోగడ యుద్ధాలలో ఇటువంటివారు చాలామంది చనిపోయేవారు. ఈ యుద్ధం నాటికి ప్రాణం నిలిపే వైద్యం కొంత మెరుగుపడింది కాబట్టి వేలమంది బతికారు. కాని ఎలాంటి ముఖంతో బతికారన్నదే సమస్య. అప్పటి పద్ధతి ఏమిటంటే, గాయం అంచులను దగ్గరికి లాగి కుట్టేయడం. లోపల ఎముకా, కండా లేకుండా పైన చర్మాన్ని లాగి కుడితే అది మానేటప్పుడు ముడుచుకుపోయి నోరు వంకరపోయేది, కనురెప్ప కిందికి వేలాడేది. బాగుచేయడానికి వీలులేని ముఖాలకు పల్చని లోహపు రేకుతో ముసుగులు చేసి, చర్మం రంగు పూసి తొడిగేవారు. రేకు ముసుగు నవ్వదు, ఏడవదు, వయసు కూడా మీరదు.

1915లో సైనిక వైద్యదళంలో చేరిన గిల్లీస్ ను ఫ్రాన్సుకు పంపారు. అక్కడ వలడియే అనే పళ్ళడాక్టరు విరిగిన దవడలను బాగుచేస్తున్నారు. తన రోల్స్ రాయిస్ కారులోనే పళ్ళు చూసే కుర్చీ బిగించుకున్న ఘటికుడాయన. అయితే వైద్య పట్టా లేదు కాబట్టి పర్యవేక్షణకు ఒక సర్జను వుండాలన్నారు. ఆ పని గిల్లీస్ పైన పడింది. పర్యవేక్షించడానికి వెళ్ళినవాడు శిష్యుడిలా నేర్చుకున్నారు. తర్వాత పారిస్ వెళ్ళి, మొరెస్తాఁ అనే ప్రసిద్ధ సర్జను ఒక రోగి ముఖం మీది కాన్సరు పుండును తీసేసి, ఆ ఖాళీని పక్కనున్న చర్మంతోనే కప్పడం కళ్ళారా చూశారు. ఆనాటితో ఆయన దారి మారిపోయింది.

ఇంగ్లండుకు తిరిగివచ్చి, ముఖ గాయాలకు ప్రత్యేకంగా ఒక వార్డు కావాలని పైఅధికారుల వెంటపడి, 1916 మొదట్లో ఆల్డర్షాట్ సైనిక ఆసుపత్రిలో సాధించారు. వార్డయితే వచ్చింది, రోగులు అక్కడికే చేరేదెలా? గిల్లీస్ తన సొంత డబ్బు 10 పౌండ్లు ఖర్చుచేసి ఆసుపత్రి చిరునామాతో చీటీలు కొన్నారు. యుద్ధరంగంలో ముఖానికి దెబ్బ తగిలినవారి చొక్కాకు ఆ చీటీ గుచ్చి పంపమని యుద్ధ శాఖకు అందజేశారు. ఆశ్చర్యమేమిటంటే, ఆ చీటీలు గుచ్చుకుని క్షతగాత్రులు నిజంగానే రాసాగారు. 1916 జులైలో సోమ్ నది యుద్ధం మొదలయ్యాక 200 పడకలు సిద్ధం చేసుకుంటే వచ్చిపడినవారు సుమారు 2,000 మంది. ఆ దెబ్బతో ప్రభుత్వం కదిలింది. 1917లో లండన్ శివార్లలో సిడ్కప్ అనే చోట కేవలం ముఖ గాయాల కోసమే క్వీన్స్ హాస్పిటల్ వెలిసింది. 1925 వరకు అక్కడ 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్కొక్క మనిషి ఎన్నిసార్లు బల్ల ఎక్కవలసి వచ్చేదో తెలుస్తుంది. అప్పటికి పెన్సిలిన్ లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడ మన దేశపు సంగతి కొంచెం చెప్పుకోవాలి. తెగిన ముక్కును అతికే విద్య మనకు కొత్తది కాదు. ప్రాచీన కాలంలో సుశ్రుతుడు తన సంహితలో చెంప చర్మంతో ముక్కును కట్టే విధానం రాశారు. ఆ సుశ్రుత గ్రంథం అబ్బాసీ ఖలీఫాల కాలంలో, బర్మకీ వంశానికి చెందిన మంత్రి యహ్యా ఆజ్ఞతో బగ్దాదులో అరబ్బీలోకి అనువాదమయింది. తర్వాత శతాబ్దాలలో నుదుటి చర్మంతో ముక్కు చేసే పద్ధతి మన దేశంలో వాడుకలో వుండేది. మైసూరు యుద్ధంలో ముక్కు కోల్పోయిన కావస్జీ అనే ఎడ్లబండివాడికి పూనా ప్రాంతంలో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకతను అలాగే కొత్త ముక్కు అమర్చాడు. ఆ వార్త 1794లో బొమ్మతో సహా లండన్ పత్రికలో పడింది. అది చదివిన కార్ప్యూ అనే ఇంగ్లీషు సర్జను 1814లో అదే పద్ధతిలో ఆపరేషను చేశారు. నూరేళ్ళ తరువాత గిల్లీస్ చేతిలో వున్న ముఖ్యమైన సాధనాల్లో ఈ భారతీయ పద్ధతి ఒకటి.

అయితే గిల్లీస్ దాన్ని వున్నది వున్నట్టు తీసుకోలేదు. పాత పద్ధతిలో చేసిన ముక్కులు కొంతకాలానికి ఎందుకు కుంచించుకుపోతున్నాయని ఆలోచించారు. ఇంటికి పైకప్పు ఒక్కటీ వేస్తే చాలదు, లోపల గోడా, మధ్యలో దూలమూ వుండాలి. ముక్కు కూడా అంతే. లోపల ఒక పొర, మధ్యలో నిలబెట్టే గట్టి ఆధారం, పైన చర్మం, ఈ మూడూ వుంటేనే అది నిలుస్తుందని తేల్చారు. స్ప్రెక్లీ అనే సైనికాధికారికి ముక్కు పూర్తిగా పోయింది. గిల్లీస్ అతని పక్కటెముక దగ్గరి మెత్తని ఎముకను తీసి, ములికి ఆకారంలో చెక్కి నుదుటి చర్మం కింద వుంచారు. అది అక్కడ నిలదొక్కుకున్నాక నుదుటి చర్మంతో సహా కిందికి తిప్పి ముక్కుగా అమర్చారు. తీరా చూస్తే అది ఉండవలసినదానికి ఎన్నో రెట్లు లావుగా, తొండంలాగా వుంది. చూసినవాళ్ళు నవ్వారు. గిల్లీస్ కు కూడా ఒక దశలో నిస్పృహ కలిగింది. కాని తొందరపడి కోసేయలేదు. వాపు తీసి, కొద్దికొద్దిగా సవరిస్తూ పోగా చివరికి చక్కని ముక్కు నిలిచింది. 1917లో వచ్చిన ఆ అధికారి 1920లో గాని ఇంటికి వెళ్ళలేదు.

ఇక గిల్లీస్ పేరు లోకమంతా పాకడానికి కారణమైన సంఘటన 1917 అక్టోబరు 3వ తేదీన జరిగింది. రోగి పేరు విల్లీ వికరేజ్. 1916లో జట్లాండ్ నౌకాయుద్ధంలో ముఖమంతా కాలిపోయిన నావికుడు. కనురెప్పలు లాగుకుపోయాయి, కింది పెదవి తిరగబడింది. ముఖమంతటికీ కొత్త చర్మం కావాలి. చర్మాన్ని పూర్తిగా కోసి తెచ్చి అతికితే, అంత మందపు చర్మం రక్తం అందక చచ్చిపోతుంది. అందుకని తొడిమ తెగని ఆకు మాదిరిగా, ఒక కొనను ఒంటికే వుంచి, రెండో కొనను గాయం మీదికి తిప్పాలి. ఆ తొడిమ గుండానే రక్తం వస్తుంది. చిక్కేమిటంటే, తొడిమ అడుగుభాగం పచ్చిపుండుగా బయటికి తెరుచుకుని వుండి, చీము పట్టి కుళ్ళిపోయేది.

ఆరోజు గిల్లీస్ వికరేజ్ రొమ్ము మీది చర్మాన్ని ముఖం మీదికి ఎత్తి కుడుతూ వుండగా, ఆ తొడిమ అంచులు వాటంతట అవే లోపలికి చుట్టుకోవడం గమనించారు. తమలపాకు చుట్టినట్టు ఆ అంచులు రెంటినీ దగ్గరికి చేర్చి కుట్టేస్తే? అది ఒక గొట్టమవుతుంది. పచ్చి భాగమంతా లోపలికి పోయి చీము పట్టే భయం తగ్గుతుంది, రక్తం కూడా బాగా ఆడుతుంది. అక్కడికక్కడే కుట్టేశారు. సుమారు మూడు వారాలలో ముఖం వైపు కొన కొత్త చోట రక్తం పోసుకుంటుంది. అప్పుడు రెండో కొన కోసేయవచ్చు. ఈ ఉపాయంతో పొట్ట మీది చర్మాన్ని ముందు మణికట్టుకు అతికి, అక్కడ నాటుకున్నాక చెయ్యెత్తి ముఖానికి చేర్చడం కూడా సాధ్యమయింది. నారు తీసి మడి మార్చి నాటినట్టే. ఒదెస్సాలో ఫిలాటోవ్ అనే కంటివైద్యుడు కూడా అంతకుముందే, 1916లో, ఇదే గొట్టం పద్ధతిని కనిపెట్టారు. ఒకరి సంగతి మరొకరికి తెలియదు. అవసరం ఒకటైతే ఆలోచన రెండు చోట్ల మొలకెత్తుతుంది.

మహానుభావుల జీవితాలు రాసేవారు వారి విజయాలనే రాస్తారు. మేము ఆయన ఓటమిని కూడా చెప్పదలిచాము. ఎందుకంటే గిల్లీసే దాన్ని దాచలేదు. హెన్రీ లమ్లీ అనే యువకుడు విమానం నడపడం నేర్చుకుని, 1916లో శిక్షణ ముగించిన రోజునే విమానం కూలి ముఖమంతా కాలిపోయాడు. ఏడాదికి పైగా బాధపడి, మనిషి నీరసించి, నొప్పి మందులకు అలవాటుపడి సిడ్కప్ చేరాడు. 1918 ఫిబ్రవరిలో గిల్లీస్ అతని రొమ్ము మీద పెద్ద చర్మపు పలకను తీసి ముఖమంతటికీ ఒకేసారి అతికారు. ఆ చర్మం నిలువలేదు. కుళ్ళు పట్టింది. మార్చి నెలలో ఆ అబ్బాయి చనిపోయాడు.

ఈ చావు గిల్లీస్ ను కుదిపేసింది. రోగిని త్వరగా ఇంటికి పంపాలనే ఆత్రంలో, ఒక్క విడతలో భరించలేనంత పని పెట్టుకున్నానని ఆయన తన 1920 నాటి గ్రంథంలో తప్పు ఒప్పుకున్నారు. అలా రాయనవసరం ఆయనకు లేదు. యుద్ధకాలంలో చనిపోయిన వేలమందిలో ఒకడని వూరుకుంటే అడిగేవాడు లేడు. కాని ఆయన రాశారు, తర్వాతివాళ్ళు అదే తప్పు చేయకుండా వుండాలని. అప్పటినుంచి ఆయన సూత్రం స్థిరపడింది. గౌరవంగా రేపటికి వాయిదా వేయగల పనిని ఈరోజే చేయకూడదు. సోమరితనానికి ఇది సాకు కాదు, రోగి ఒంట్లో బలం చూసుకుని, ఒక మెట్టు నిలిచాకనే రెండో మెట్టు ఎక్కాలన్న హెచ్చరిక. దీనికి తోడుగా మరికొన్ని నియమాలు పెట్టుకున్నారు. కత్తి పట్టేముందే నమూనా గీసుకోవాలి. అది తప్పితే చేయడానికి రెండో ఉపాయం చేతిలో వుండాలి. ముందుగా, మిగిలివున్న భాగాలను వాటి సొంత చోటికి చేర్చాలి, అప్పుడే నిజంగా పోయిందెంతో తెలుస్తుంది. పోయినది ఏదో దానికి అదే జాతి వస్తువుతో పూడ్చాలి, ఎముకకు ఎముక, చర్మానికి చర్మం. వినడానికి ఇవి చాలా మామూలు మాటలు. చిక్కు కేసులను విడదీసినవి మాత్రం ఈ మామూలు మాటలే.

ఇంకొక సంగతి. ఇదంతా తన ఒక్కడి ప్రతాపమని గిల్లీస్ ఎన్నడూ అనుకోలేదు. దవడల పని పళ్ళడాక్టరు కెల్సీ ఫ్రై చూసేవారు. హెన్రీ టాంక్స్ అనే ఆయన సర్జనూ, చిత్రకారుడూ కూడా. గాయపడిన ముఖాలను రంగు సుద్దలతో గీసిపెట్టేవారు. ఆ చిత్రాలు ఈనాటికీ వున్నాయి. ముఖానికే ఆపరేషను చేస్తూ వుంటే మత్తుమందు ముసుగు ఎక్కడ పెట్టాలి? ఆ చిక్కు తీర్చడానికి మాగిల్, రోబోథామ్ అనే మత్తు డాక్టర్లు శ్వాసనాళంలోకి గొట్టం దించి మత్తు ఇచ్చే విధానాన్ని సిడ్కప్ లోనే బాగుచేశారు. నేడు ఏ పెద్ద ఆపరేషనుకైనా మత్తు ఇచ్చేటప్పుడు గొట్టం వేశారంటే, దాని వెనుక ఆ ముఖాలు పోయిన సైనికుల రుణం వుంది.

ఒంటికి చేసిన వైద్యం ఒక ఎత్తు, మనసుకు చేసినది ఒక ఎత్తు. వార్డులో అద్దాలు వుంచేవారు కాదు. ఆసుపత్రి నుంచి వూళ్ళోకి పోయే దారిలో కొన్ని బెంచీలకు నీలంరంగు వేశారు. వాటి మీద కూర్చున్నది ముఖం దెబ్బతిన్న సైనికుడని ముందే తెలిస్తే, వచ్చేపోయేవాళ్ళు ఉలిక్కిపడరని. అది దయో, దూరం పెట్టడమో, ఈనాడు తూచి చెప్పడం కష్టం. కాని ఖాళీగా కూర్చుంటే మనిషి కుమిలిపోతాడని, బొమ్మలు చేయడం, కోళ్ళ పెంపకం, క్షౌరం వంటి పనులు ఆసుపత్రిలోనే నేర్పారు. గిల్లీస్ స్వయంగా వార్డులో తిరుగుతూ, హాస్యాలాడుతూ, ధైర్యం చెప్పేవారు. మారువేషాలు వేసి స్నేహితులను ఆటపట్టించడం ఆయనకు సరదా. అన్ని ఆపరేషన్ల మధ్య రోగి నవ్వడం మరచిపోకూడదు గదా!

యుద్ధం అయిపోయాక చాలామంది ఈ విద్యకు ఇక పనేముంది అనుకున్నారు. గిల్లీస్ మాత్రం విడిచిపెట్టలేదు. కాలిన ముఖాలు, గ్రహణం మొర్రి పిల్లలు, కుష్ఠు వ్యాధితో ముక్కు కూలిపోయినవారు, ఇలా శాంతికాలంలోనూ రోగులకు కొదవలేదు. 1930లో సర్ బిరుదు వచ్చింది. అదే సంవత్సరం తన దూరపు బంధువు మెకిండో లండన్ వస్తే చేరదీసి ఈ విద్యలో దింపారు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి బ్రిటనంతటికీ ఈ విద్యలో దిట్టలు నలుగురే. గిల్లీస్, కిల్నర్, మెకిండో, మౌలెమ్. మెకిండో ఈస్ట్ గ్రిన్స్టెడ్ లో కాలిన విమాన సైనికులను చూస్తే, గిల్లీస్ బేసింగ్‌స్టోక్ దగ్గర రూక్స్‌డౌన్ హౌస్ లో ఆసుపత్రి నడిపారు. 1946లో బ్రిటిష్ ప్లాస్టిక్ సర్జనుల సంఘం ఏర్పడితే మొదటి అధ్యక్షులు ఆయనే.

ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో మన దేశస్థుడు డాక్టర్ నోషిర్ ఆంటియా ఒకరు. ఆంటియా స్వదేశానికి తిరిగివచ్చి, లోకం వెలివేసిన కుష్ఠు రోగుల ముక్కులనూ, చేతులనూ బాగుచేయడానికి ఆ విద్యను ధారపోశారు. మన దేశం నుంచి నుదుటి చర్మపు విద్య లండన్ చేరి, వంద సంవత్సరాలు దాటాక మరింత ఎదిగి మనకే తిరిగివచ్చిందన్నమాట. విద్యకు సరిహద్దులు లేవనడానికి ఇంతకన్నా దృష్టాంతం ఏం కావాలి?

1957లో మిల్లార్డ్ అనే అమెరికా శిష్యునితో కలిసి తన అనుభవసారాన్ని పెద్ద గ్రంథంగా వెలువరించారు. 1960 ఆగస్టులో, 78 ఏళ్ళ వయసులో, ఒక అమ్మాయి కాలికి ఆపరేషను చేస్తూ వుండగా గిల్లీస్ మెదడులో రక్తం గడ్డకట్టింది. ఆ సెప్టెంబరు 10వ తేదీన ఆయన కన్నుమూశారు. చివరిదాకా చేతిలో పనివుండగానే పోయారు. 1970ల తర్వాత సూక్ష్మదర్శిని కింద సన్నని రక్తనాళాలను కలిపి కుట్టే పద్ధతి వచ్చి, ఆయన గొట్టం పద్ధతి చాలావరకు వెనుకబడింది. ఆయన నియమాలు మాత్రం వెనుకబడలేదు. ఆయన పేరు పెట్టిన సూది పట్టుకారు నేటికీ ఆపరేషను బల్లమీద వుంటుంది.

ఈ జీవితం నుంచి మనం, మన సంఘం నేర్చుకోవలసింది ఏమిటి? మనలో డాక్టర్లు కొందరే. కాని గ్రహణం మొర్రితో పుట్టిన పసిబిడ్డను పేరంటానికి తీసుకురాకుండా దాచే ఇళ్ళను మనం ఎరుగుదుం. వంటింట్లో కాలిన ఆడపిల్లకు పెళ్ళిమాటే ఎత్తని బంధువులను ఎరుగుదుం. గ్రహణానికీ మొర్రికీ ఏ సంబంధమూ లేదు. సాధారణంగా పెదవి మొర్రిని పుట్టిన కొన్ని నెలలకే సరిచేస్తారు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ వైద్యం వుంది. ఒక్కసారితో కాకపోవచ్చు, రెండు మూడు విడతలు పట్టవచ్చు. మొదటి విడత కాగానే ఏమీ మారలేదని మానేయకండి. స్ప్రెక్లీ ముక్కును తలచుకోండి. దారి ఖర్చులకు జంకే కుటుంబం వుంటే మన సభ్యులు చేయి అందించాలి.

ఆ ఆసుపత్రి దారిలో నీలంరంగు బెంచీలు వేయవలసి వచ్చింది గాయపడినవాళ్ళ కోసం కాదు, చూసేవాళ్ళ కోసం. గిల్లీస్ చేయగలిగింది ముఖాన్ని తిరిగి ఇవ్వడం వరకే. ఆ ముఖాన్ని తప్పుకోకుండా చూసి, రండి కూర్చోండి అని పక్కన చోటిచ్చే పని ఆయన చేతిలో లేదు. అది మన చేతిలో వుంది.